వెనక సీట్లో వదిన

మా వదిన గురించి చెప్పమంటే ముందు మా అన్నయ్యని తిట్టుకోకుండా మొదలుపెట్టడం నా వల్ల కాదు. తోడబుట్టినవాడు కాబట్టి ఆ హక్కు నాకుంది.

మా అన్నయ్య ఒక కంపెనీలో టూరిస్టు బండి డ్రైవరు. ఊరికి గంటన్నర దూరంలో ఇసుక తిన్నెలున్నాయి. కొండలంత ఎత్తున ఎగుడుదిగుడుగా, కనుచూపు మేరా ఇసుకే. తెల్లవారకముందే ఏడుగురిని బండెక్కించుకుని అక్కడికి తీసుకెళ్తాడు. తలా ఒక చెక్క ఇస్తాడు. అడుగున మైనం రుద్దిన నున్నటి చెక్క. తిన్నె ఎక్కి, దాని మీద కూర్చుని, కిందికి జర్రున జారడమే. తలా రెండుసార్లు. ఎండ ముదిరేలోగా మళ్ళీ బండెక్కించి, భోజనాల వేళకి ఎవరి బసలో వాళ్ళని దింపేస్తాడు. సగం రోజు పని. తొమ్మిదేళ్ళుగా ఇదే.

వదినా నేనూ ఒకే కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాం. నేను ముందు కౌంటర్లో ఉంటాను. ఫ్రేములు చూపించడం, బేరాలు, "ఇది మీ మొహానికి భలే ఉందండీ" అని కోతలు కోయడం, అన్నీ నావే. వదిన వెనక గదిలో ఉంటుంది. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముకి సరిపోయేలా కూర్చడం ఆవిడ పని. యంత్రం చక్రం తిరుగుతుంటుంది, దాని మీద సన్నగా నీళ్ళు కారుతుంటాయి, వదిన వేళ్ళు రోజంతా నాని ముడతలు పడి ఉంటాయి. అద్దం చేతిలోకి తీసుకుని దీపానికి అడ్డంగా పట్టి చూసిందంటే, దాని మీద వెంట్రుకంత గీత ఉన్నా ఆవిడ కంట పడాల్సిందే.

మా షాపుకి తిన్నెల మీద జారి వచ్చినవాళ్ళు చాలామంది వస్తుంటారు. ఇసుక పడ్డ కళ్ళజోడుని ఎవరైనా ఏం చేస్తారు? జేబురుమాలు తీసి తుడిచేస్తారు. ఇసుక రేణువులు అద్దాన్ని గీకి పారేస్తాయి. అప్పుడు లబోదిబోమంటూ మా దగ్గరికి పరిగెత్తుతారు. ముందు నీళ్ళు పోసి ఇసుక కడిగి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో ఒత్తాలని వాళ్ళకి నేను చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? కూర్చున్నంతసేపూ డ్రైవరు కబుర్లే. "ఏం మనిషండీ ఆయన! దారి పొడుగునా కడుపుబ్బ నవ్వించాడు. నా భార్య నవ్వలేక బండి ఆపమంది" అని ఒకాయన. "పాటలు కూడా పాడాడండీ, గొంతు బావుండదు గానీ భలే హుషారు" అని ఇంకొకావిడ. మొదటిసారి విన్నప్పుడు వాళ్ళు చెప్తున్నది వేరే ఎవరి గురించో అనుకున్నాను. బండి రంగు, నెత్తి మీద టోపీ, ఎడం కనుబొమ్మ మీద మచ్చ, అన్నీ చెప్పాక గానీ నమ్మలేదు. ఆ మచ్చ నేను చిన్నప్పుడు పలక విసిరితే పడింది. మా అన్నయ్యే.

ఎందుకు నమ్మలేదంటారా? ఇంట్లో మా అన్నయ్య బెల్లం కొట్టిన రాయి. మధ్యాహ్నం వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. సాయంత్రం లేచి బండి కడుగుతాడు. రాత్రి భోజనం దగ్గర "కూర బావుంది" అన్నాడంటే ఆ వారానికి అదే ఉపన్యాసం. గొడవలా? అబ్బే, లేవు. తాగుడు లేదు, తిట్టడం లేదు, చెయ్యెత్తడం అసలే లేదు. వదిన ఎవరితోనైనా ఏమని చెప్పుకోగలదు? కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "అమ్మకి చెప్పు, రేపు తొందరగా వెళ్ళాలి" అని దానితో చెప్పేవాడు. వదిన రెండడుగుల దూరంలోనే ఉండేది. అది కాలేజీ చదువుకని హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఆ మాత్రం కూడా పోయింది.

మా వదిన మాత్రం నోట్లో నాలుక లేని మనిషేం కాదు. మాట్లాడితే వినాలనిపించేలా మాట్లాడుతుంది. షాపులో మా ఓనరు నడక ఎలా ఉంటుందో చేసి చూపించిందంటే నేను కౌంటరు కిందకి దూరిపోవాల్సిందే. అలాంటి మనిషి ఇంట్లో గోడలతో కాపురం చేస్తోంది.

కస్టమర్లు ఆ కబుర్లు చెప్పినప్పుడల్లా వెనక గదిలో యంత్రం ఆగిపోయేది. నేను తిరిగి చూడకుండానే తెలిసేది, వదిన వింటోందని. వాళ్ళు వెళ్ళాక, "ఏ పాట పాడారట?" అని అడిగేది. అంతే. మళ్ళీ చక్రం తిరిగేది.

"నన్నొక్కసారి తీసుకెళ్ళండి" అని వదిన ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలుసు. "సీటు ఖాళీ ఉంటే చూద్దాం" అనేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క సీటు ఖాళీ లేదట! నాకు ఒళ్ళు మండిపోయేది. "జారడానికి ఏడుస్తున్నావా వదినా, మా షాపు మెట్ల మీద జారు, నేనే తోస్తా" అని ఒకసారి వేళాకోళం ఆడాను.

"జారడానికి కాదమ్మాయ్," అంది. అద్దం తుడుస్తూనే ఉంది. "ఆ మనిషిని చూడాలని ఉంది. అందరికీ సగం రోజు దొరుకుతున్నాడు కదా. నాకు ఒక్క పూట దొరికితే చాలు."

నేను ఇంకేం వేళాకోళం ఆడను?

పోయిన చలికాలంలో ఒక రిటైర్డు మేష్టారు కళ్ళజోడు విరగ్గొట్టుకుని షాపుకి వచ్చారు. బాగా ఎక్కువ పవరు. కొత్త అద్దాలు పక్క ఊరి నుంచి రావాలి. ఎంత తొందరపెట్టినా మర్నాడు సాయంత్రం దాకా పని కాదు. ఆయనకేమో మర్నాడు పొద్దున్నే మా అన్నయ్య బండిలో తిన్నెల ట్రిప్పు. "కళ్ళజోడు లేకపోతే నాకు తిన్నె కాదు, నా చెయ్యే కనబడదు. ఎవరైనా వెళ్ళండమ్మా, టికెట్టు వృథా ఎందుకు?" అని కౌంటరు మీద పెట్టారు. నేను అందుకునేలోగా వెనక గదిలోంచి తడిచెయ్యి ఒకటి వచ్చి దాన్ని పట్టుకుంది.

టికెట్టు మీద పేరుండదు. సీటు నంబరే. ఆ కంపెనీలో డ్రైవర్లు ఎవరినీ పేరుతో పిలవరు. పూటకో ఏడుగురు, ఎన్నని గుర్తుంటాయి? "రెండో నంబరు, జాగ్రత్తండీ", "నాలుగో నంబరు రావాలి" అంటుంటారు. వదినది ఏడో నంబరు, అన్నిటికంటే వెనక.

మర్నాడు అన్నయ్య ఇల్లు కదిలాక వదిన నా దగ్గరికి వచ్చింది. నా లావుపాటి కోటు, నా ప్యాంటు, నా బూట్లు వేసుకుంది. తల చుట్టూ, ముక్కు దాకా గుడ్డ చుట్టుకుంది. కళ్ళకి కంపెనీ వాళ్ళే పెద్ద అద్దాలు ఇస్తారు, ఇసుక పడకుండా. "గుర్తుపడతాడేమో," అంది భయంగా. ఆ కోటు మా అన్నయ్య నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. అయినా పట్టుకోలేడని పందెం కట్టాను. నేనే గెలిచాను. వీధి చివర బండి ఆపి, టికెట్టు చూసి, "ఏడో నంబరా? దయచేయండి, వెనక సీటు మహారాజులకి" అని తలుపు తీశాడట. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడకి తలుపు తియ్యడం అదే మొదలు.

ఆ తర్వాత జరిగింది వదిన ముక్కముక్కలుగా చెప్పింది. నవ్వుతూ కొంత, ఏడుస్తూ కొంత.

బండి ఊరు దాటగానే అన్నయ్య మొదలుపెట్టాడట. ఇసుకకి కోపమొస్తే ఏం చేస్తుందో ఆ కథా, ఒంటె మొహం చూసి భయపడి చెక్క వదిలేసి పారిపోయిన కండల వీరుడి సంగతీ. బండంతా నవ్వులే. వదిన గుడ్డ లోపల నవ్వింది. అన్నయ్య భుజాలు ఊగుతున్నాయట, మెడ అటూ ఇటూ తిరుగుతోందట, చేతులు స్టీరింగు మీద దరువేస్తున్నాయట. "పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉండేవారు. నేనే కలగన్నానేమో అనుకుంటున్నా ఇన్నాళ్ళూ" అంది వదిన నాతో.

అప్పుడు అన్నయ్య అన్నాడట: "ఇంతకీ మీరెంత బాగా జారినా మా ఆవిడ ముందు దిగదుడుపే."

వదిన ముందుకి వంగిందట.

"మా ఆవిడ ఉంది చూశారూ, కూర్చుని దిగడమంటే నామోషీ ఆవిడకి. బోర్లా పడుకుని, తల ముందు పెట్టి దిగుతుంది. కింద లేచి, ఒళ్ళు దులుపుకుని, 'ఇంతేనా?' అంటుంది. వారానికోసారి రాకపోతే ఆవిడకి తోచదు. ఇదిగో ఈ పక్క సీటు ఆవిడదే. దారంతా ఒకటే మాటలు. నా బండిలో రేడియో ఎందుకు పాడైందనుకున్నారు? సిగ్గుపడి."

అందరూ పగలబడి నవ్వారు. "ఇవాళ రాలేదేం?" అని ఎవరో అడిగారు.

"ఇవాళ అలిగిందండి," అన్నాడట.

"నేను అలిగితే ఈయనకి తెలిసేదెప్పుడు!" అంది వదిన, నాకు చెప్తూ. "ఒక్క నిమిషం పాటు నిజంగానే ఇంకెవత్తో ఉందేమో అనుకున్నాను. ఆవిడ మీద పట్టరాని అసూయ పుట్టింది. పక్క సీట్లో కూర్చుంటుందట, వాగుతుందట, ఈయన వింటారట! అంతలో, 'కళ్ళజోళ్ళు చేస్తుందండీ మా ఆవిడ, ఊరందరి చూపూ ఆవిడ చేతిలో ఉంది' అన్నారు. అప్పుడింక నా వల్ల కాలేదు. పెద్ద అద్దాల లోపల నీళ్ళు నిండిపోయాయి."

తిన్నె ఎక్కడం మాటలు కాదు. రెండడుగులు పైకేస్తే ఒకటిన్నర కిందికి జారుతుంది. బూట్లనిండా ఇసుక. పైకి చేరేసరికి ఆరుగురూ ఆయాసంతో చతికిలబడ్డారు. గాలి లేచి మొహాన ఇసుక కొట్టింది. అందరూ కళ్ళకున్న అద్దాలు తీసి, మెడలో గుడ్డతో బరబరా తుడిచారు. అన్నయ్య ఏదో జోకు మధ్యలో ఉన్నాడు. వదిన అలవాటు కొద్దీ అద్దాలు తీసి, నీళ్ళ సీసా మూత తిప్పి, రెండు వైపులా నీళ్ళు పోసి, చేత్తో రుద్దకుండా విదిల్చింది. ఆ తర్వాత గుడ్డ కొసతో అద్దింది.

జోకు ఆగిపోయింది. ఇసుక అద్దాలని అలా కడిగే మనిషి ఆ ఊళ్ళో ఎంతమంది ఉంటారు? రోజూ సాయంత్రం అన్నయ్య తన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకోబోతుంటే, ఆవిడ లాక్కుని అలాగే కడిగి ఇస్తుంది.

మిగతా ఆరుగురినీ ఒక్కొక్కరినే తోసి కిందికి పంపాడు. జోకులు లేవు, నంబర్లు మాత్రమే. చివర వదిన మిగిలింది. అన్నయ్య చెక్క సర్దుతూ తలెత్తకుండా అడిగాడు.

"ఎప్పుడొచ్చావు?"

"పొద్దున్నించీ ఉన్నాను. తలుపు మీరే తీశారు."

"అంతా విన్నావా?"

"విన్నాను."

అన్నయ్య ఇసుక చేతిలోకి తీసుకుని వదిలేశాడట. తీసుకుని వదిలేశాడట.

"ఆవిడ ఎలా దిగుతుందో అలాగే దిగుతాను," అంది వదిన. "బోర్లా పడుకుంటాను, తొయ్యండి."

"వద్దు, దెబ్బ తగుల్తుంది. ఊరికే అన్నానది."

"మీరు తొయ్యకపోతే నేనే తోసుకుంటాను."

తోశాడు. నాలుగు బారలు బాగానే వెళ్ళింది. చెవుల్లో గాలి హోరుమంది. ఆ తర్వాత చెక్క అడ్డం తిరిగింది, చెక్క ఒక పక్కకి పోయింది, వదిన ఇంకో పక్కకి దొర్లుకుంటూ వచ్చి కింద పడింది. 'ఇంతేనా?' అందామని నోరు తెరిస్తే నోటినిండా ఇసుక. ఉమ్ముకుంటూ, నవ్వుకుంటూ కూర్చుంది. అన్నయ్య పైనుంచి బూట్లూడిపోయేలా పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. పక్కనున్న ఒకావిడ, "ఈవిణ్ణి చూస్తే మీ ఆవిడే గుర్తొస్తున్నారండీ!" అని నవ్వింది. ఈవిడే ఆవిడ అని ఒక్క మాట అంటే ఏం పోయేది? అనలేదు.

తిరుగు దారిలో బండి నిశ్శబ్దం. డ్రైవరుకి తలనొప్పనుకున్నారట పాపం. అందరినీ దింపాక ఇద్దరే మిగిలారు. ఇంటి దాకా ఇంకా పది నిమిషాలుంది. ఇప్పుడు చెప్తారు, ఈ మలుపు తిరిగాక చెప్తారు అని వెనక సీట్లో ఎదురుచూస్తూ కూర్చుంది వదిన. ఇంటి ముందు బండి ఆపి, "ఆకలేస్తోందా?" అన్నాడు.

"లేదండీ," అంది.

ఈ ముక్క విన్నప్పుడు నేను చెప్పులేసుకుని లేచాను. వెళ్ళి నాలుగు దులిపేద్దామని. వదిన నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "ఆయన్ని ఏమీ అనకు. ఆయన తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని తిరుగుతున్నారు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు" అంది. చూశారా, ఇంత జరిగాక కూడా ఆయన తిండి గోలే!

నెల గడిచింది. అన్నయ్య ఉలకడు, పలకడు. ఒకరోజు షాపు మూసేటప్పుడు వదిన నన్నడిగింది, "ఇంకోసారి వెళ్దామా?" అని.

"ఎందుకు, ఇంకో గుప్పెడు ఇసుక తినడానికా?"

"అక్కడైతే ఆయన నా గురించి మాట్లాడతారమ్మాయ్. వెనక కూర్చుని వింటాను. ఆయనకి నేనున్నట్టు తెలిసినా ఫర్వాలేదు."

నేను ఆ రోజే రెండు టికెట్లు తీసుకున్నాను. ఆరూ ఏడూ నంబర్లు.

ఈసారి దాపరికం లేదు. మమ్మల్నిద్దరినీ వీధి చివర చూసి అన్నయ్య మొహం పాలిపోయింది. "టికెట్లు?" అన్నాడు. చూపించాం. "ఎక్కండి" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. నేను కావాలనే తలుపు దగ్గర ఆగి, "వెనక సీటు మహారాజులకేనా అన్నయ్యా?" అన్నాను. వదిన నా వీపు మీద గిల్లింది.

ఊరు దాటాం. అన్నయ్య ఒంటె కథ మొదలుపెట్టాడు, మధ్యలో తప్పాడు, మళ్ళీ అందుకున్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను, నవ్వొచ్చింది. వదిన మాత్రం కోటు అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. కథలైపోయాయి. ఆవిడ కథ వచ్చే చోట అన్నయ్య ఆగిపోయాడు. ఇవాళ ఆ కథ కూడా ఉండదన్నమాట అనుకున్నాను.

అన్నయ్య వెనక సీట్లో కెమెరా పట్టుకున్న పెద్దాయన, ఊరికే పలకరింపుగా, "ఇన్నేళ్ళుగా ఇక్కడ తిరుగుతున్నారు, మీ ఇంటావిడ కూడా జారుతుంటారా?" అని అడిగారు.

అన్నయ్య నెత్తి మీద టోపీ సర్దుకున్నాడు.

"పోయిన నెల జారిందండి. మొదటిసారి."

"అదేంటి, ఇంత దగ్గర్లో ఉండి!"

"నేనే తీసుకురాలేదండి. సీటు లేదని చెప్పేవాణ్ణి. ఇదిగో, నా పక్క సీటు తొమ్మిదేళ్ళుగా ఖాళీయే." చేత్తో ఆ సీటు తట్టాడు. "ఇక్కడికొస్తే నేనిలా వాగడం చూస్తుంది కదా. ఇంట్లో ఎందుకిలా ఉండవని అడుగుతుంది. అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకని."

పెద్దాయన కెమెరా ఒళ్ళో పెట్టుకున్నారు.

"మరి వచ్చాక అడిగారా?" అన్నారు పెద్దాయన మెల్లగా.

"లేదండి. నెల్లాళ్ళుగా చూస్తున్నా. అడిగితే బావుండును."

వదిన ముక్కు మీద గుడ్డ కిందికి లాగేసింది. అందరికీ వినబడేలా, వెనక సీట్లోంచి అడిగింది.

"ఏమండీ, ఇంట్లో ఎందుకలా ఉంటారు?"

ఐదు తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అన్నయ్య బండి పక్కకి తీసి ఆపాడు. ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"తెలీదే," అన్నాడు. "ఒట్టు, నాకు తెలీదు. పొద్దుటంతా వీళ్ళతో మాట్లాడతాను, బండి ఇంటివైపు తిప్పగానే, ఏదో ఒకటి చెప్పాలి చెప్పాలి అనుకుంటూ వస్తాను. గుమ్మంలో నిన్ను చూస్తే ఒక్కటీ గుర్తురాదు." గొంతు సవరించుకున్నాడు. "ముందుకొచ్చి కూర్చోవే."

వదిన నా మోకాళ్ళు దాటుకుని, ఇంకెవరి చెక్కో తన్నుకుని, వెళ్ళి ఆ సీట్లో కూర్చుంది. బండి కదిలింది. మా ఆరుగురం వాళ్ళ తలల వైపే చూస్తున్నాం. ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు. మాట్లాడు, మాట్లాడు అని మనసులో అన్నయ్య వీపు మీద గుద్దుతూనే ఉన్నాను నేను.

తిన్నెలొచ్చాయి. అన్నయ్య బండి ఆపి, "ఒకటి నుంచి ఆరు దాకా దిగండి, నేను ఇప్పుడే వస్తా" అన్నాడు. దిగాం. చెక్కలు పట్టుకుని ఇసుకలో నిలబడ్డాం. తలుపు వేసుకున్నారు. కిటికీ అద్దంలోంచి అన్నయ్య నోరు కదలడం కనబడుతోంది. కదులుతూనే ఉంది. వదిన మొహం అటు తిరిగి ఉంది, తల మాత్రం ఊపుతోంది. ఏం చెప్తున్నాడో ఒక్క ముక్క కూడా వినబడలేదు. సూర్యుడు తిన్నె మీదికి వచ్చేశాడు, కాళ్ళ కింద ఇసుక వేడెక్కడం మొదలైంది.

"ఆలస్యమవుతోందమ్మా. ఉన్నదే సగం రోజు. ఆయన్ని ఒకసారి పిలవకూడదూ?" అన్నారు కెమెరా పెద్దాయన.

"నేను పిలవనండీ," అన్నాను. "మీరూ పిలవకండి."